క్లోవిస్‌కి ఎవరు పూచీ?

అది పేరులేని వరద వచ్చిన ఏడు. తుపానుతో వచ్చే వరదకి తుపాను పేరు ఉంటుంది. ఇది వట్టి వానకి వచ్చింది. ఆగస్టులో ఎడతెరిపి లేకుండా కురిసి, ఏరు గట్టు దాటి, పల్లపు వీధుల్లోని ఇళ్లలోకి మోకాలి దాకా వచ్చి కూర్చుంది. పేరు లేకపోవడంతో మా ఊళ్లో అందరూ దాన్ని ‘ఆ నీళ్లు’ అంటారు.

అప్పుడు నేను వెర్నా పిట్రే దగ్గర పనిచేస్తున్నాను. ఆమె పూచీ బాండ్లు రాసే ఏజెంటు. బాండు రాయించుకుని కనబడకుండా పోయినవాళ్లను వెతకడం నా పని. ఆ నవంబరులో నేను వెతికినవాడు క్లోవిస్ మాథర్న్.

క్లోవిస్ అడ్జస్టరు. బీమా కంపెనీ మనిషి కాదు, ఇంటివాళ్ల మనిషి. ఇల్లు మునిగినవాడి తరఫున నష్టం లెక్క కట్టి, కంపెనీతో వాదించి సొమ్ము ఇప్పిస్తాడు, తన రుసుము తీసుకుంటాడు. ఆ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్రం యాభై వేల డాలర్ల పూచీ బాండు అడుగుతుంది. అడ్జస్టరు ఇంటివాళ్ల సొమ్ము తింటే బాండు కంపెనీ ఆ మేరకు కట్టాలి. కట్టి ఊరుకోదు. అతని దగ్గర రాబట్టుకుంటుంది. అతను దొరక్కపోతే అతని వెనక సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది.

క్లోవిస్ వెనక సంతకం పెట్టింది ఒదీల్ నాకాన్. అతనికి జ్ఞానస్నానం చేయించినప్పుడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి. భర్త పోయిన మనిషి. ఆమెకి ఉన్నది ఒక ఇల్లు.

నీళ్లు తీశాక ముప్పై ఇళ్లకి బీమా చెక్కులు వచ్చాయి. ఇంటివాళ్ల పేరూ క్లోవిస్ పేరూ కలిపి రాసిన చెక్కులు. ఇంటివాళ్లు తమ సంతకం పెట్టి ఇచ్చేశారు. సొమ్ము తిరిగి రాలేదు. క్లోవిస్ కూడా కనబడలేదు. రాజధాని నుంచి బీమా శాఖ దర్యాప్తు అధికారి గ్రేడీ హోల్కంబ్ దిగాడు. శుక్రవారం పొద్దున చర్చి హాల్లో బాధితులందరినీ కూర్చోబెట్టి, క్లోవిస్ సొమ్ము తిని పారిపోయాడని రాసి, బాండు సొమ్ము పంచడానికి సంతకాలు తీసుకుంటానని చాటించాడు.

గురువారం పొద్దున వెర్నా ఫోను చేసింది.

“రేపు అతను రాశాడంటే కంపెనీ కడుతుంది, ఫెలిక్స్. కట్టాక ఒదీల్ ఇంటికి నోటీసు వెళ్తుంది. ఈ సాయంత్రంలోగా క్లోవిస్ ఎక్కడున్నాడో కనుక్కో.”

“కనుక్కోలేకపోతే?”

“ఆ నోటీసు అంటించే పని కూడా నీదే.”

ఒదీల్‌ని ఊరందరూ తాంత్ అంటారు. అంటే అత్త. నేను వెళ్లేసరికి వంటగదిలో చిక్కుళ్లు ఒలుస్తోంది. కూర్చోమనలేదు. కాఫీ పోసింది. అదే కూర్చోమనడం.

“ఎక్కడున్నాడు, తాంత్?”

“చచ్చిపోయాడు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? సర్వపరిశుద్ధుల పండక్కి రాలేదు.”

నేను కాఫీ తాగాను. ఆమే చెప్పింది.

“పండగ ముందు రోజు వచ్చి మా ఆయన సమాధికి సున్నం వేస్తాడు. ఏటా వేస్తాడు. ఓసారి కాలు విరిగితే చంకలో కర్ర పెట్టుకుని వచ్చి వేశాడు. ఈసారి సమాధి నల్లగా ఉంది. ఊళ్లో అందరి సమాధులూ తెల్లగా ఉన్నాయి, నాది నల్లగా ఉంది. ఇంకేం కావాలి నీకు?”

“పోలీసులు వెతుకుతున్నవాడు సున్నం డబ్బా పట్టుకుని శ్మశానానికి వస్తాడా?”

“తను రాలేకపోతే మనిషిని పంపిస్తాడు. పంపలేదు. నీకు జ్ఞానకొడుకు లేడు, ఫెలిక్సూ. నీకేం తెలుస్తుంది?”

“వెర్నా ఆఫీసులో ఆ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టారు?”

“చర్చిలో వాడికోసం నిలబడ్డాను. అక్కడా నిలబడ్డాను. తేడా ఏమిటి?”

“చర్చిలో ఇల్లు అడగరు.”

“అక్కడ ఆత్మకే పూచీ అడిగారురా అబ్బాయ్. ఇల్లెంత!”

నేను ఆ పనిలో ఉన్నన్నాళ్లూ చూసింది ఇదే. మా ఊళ్లో బాండు వెనక ఉండే సంతకాలన్నీ జ్ఞానతల్లులవీ జ్ఞానతండ్రులవీ. బాండు అంటే తమవాడికి రక్ష అనుకుని పెడతారు. అది తమవాడికి రక్ష కాదు. తమవాడి నుంచి ఊరికి రక్ష. ఆ సంగతి నోటీసు వచ్చినప్పుడు తెలుస్తుంది.

“ఇల్లు పోతుంది, తాంత్.”

“పోతే పోనీ. ఆ రాజధాని మనిషి రేపు ఏం రాస్తాడు? దొంగ అని రాస్తాడా వాణ్ని?”

“రాస్తాడు.”

ఆమె చేతులు ఆగాయి. చిక్కుడుకాయ ఒకటి సగం ఒలిచి అలాగే పట్టుకుని కూర్చుంది. నేను లేచి వచ్చేశాను. ఇల్లు కంటే ఆ మాటకే ఎక్కువ భయపడుతోందని అర్థమయింది. చచ్చిపోయాడన్న మాట మాత్రం నేను నమ్మలేదు. జ్ఞానకొడుకు దొంగ అనడం కంటే చచ్చాడనడం ఆమెకి తేలిక అనుకున్నాను.

క్లోవిస్ దగ్గర రెమీ గాస్పార్ అని ఒకడు పనిచేసేవాడు. గోడలు కొలవడం, ఫొటోలు తీయడం, కాగితాలు ఇంటింటికీ మోయడం అతని పని. లైసెన్సు లేదు. గట్టు దగ్గర పడవ మోటారు విప్పి తుడుస్తూ కనిపించాడు. నన్ను చూసి నవ్వాడు.

“రా, నోంక్ ఫెలిక్స్. నన్ను పట్టుకెళ్లడానికి వచ్చావా?”

నోంక్ అంటే బాబాయి. అతను అందరినీ ఏదో ఒక వరస పెట్టి పిలుస్తాడు.

“క్లోవిస్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?”

“ఎన్నిసార్లు చెప్పాలి? నీళ్లొచ్చిన మర్నాడు పొద్దున ఇదే పడవలో తిప్పాను. ఇల్లిల్లూ తిరిగాం. చెక్కులొచ్చేదాకా ఇక్కడే ఉన్నాడు. తర్వాత టెక్సాస్ పోయాడు. అక్కడ ఆడమనిషి ఉంది.”

“పేరు?”

“ఆడవాళ్ల పేర్లు నాకు చెప్తాడా? జీతమే సరిగ్గా చెప్పేవాడు కాదు.”

“ఆఫీసు శుభ్రం చెయ్యలేదేం?”

“తనొచ్చేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత శాఖవాళ్లు సీలు వేశారు. నాకేమన్నా సరదానా ఆ కంపు?”

తడబాటు లేదు. కళ్లు తిప్పుకోలేదు. అబద్ధమాడేవాడికి కథ ఎక్కువ ఉంటుంది. ఇతని కథ చాలినంతే ఉంది. అది నాకు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో చెప్పలేను.

పల్లపు వీధిలో మార్సెలాన్, లియోంటీన్ అని మొగుడూపెళ్లాలు. ఇల్లు గోడల పెచ్చులు ఊడదీసి, వాకిట్లో చక్రాల మీద గదిలా ఉండే చిన్న ట్రెయిలర్లో ఉంటున్నారు. వాళ్లని అడిగాను.

“నీళ్లొచ్చిన మర్నాడు క్లోవిస్ వచ్చాడా?”

“వచ్చాడయ్యా. గోడలు కొలిచాడు” అన్నాడు మార్సెలాన్.

“క్లోవిస్ కొలిచాడా?”

“రెమీ కొలిచాడు.”

“మరి క్లోవిస్?”

“పడవలో ఉన్నాడు.”

“చూశావా?”

“పడవ చూశాను.”

“పడవలో క్లోవిస్‌ని చూశావా అంటున్నాను.”

“అది క్లోవిస్ పడవేగా మరి!”

లియోంటీన్ లోపలినుంచి అరిచింది. “ఈయన్ని అడుగుతారేం? ఈయన కళ్లజోడు నీళ్లలో పోయింది. నేను చూశాను. చెయ్యి ఊపాడు.”

“ఎవరికి?”

“నాకే. వీధిలో అందరికీ. టోపీ పెట్టుకున్నాడు.”

“నువ్వు వంటింటి బల్లమీద ఎక్కి ఏడుస్తున్నావు గదే! ఎప్పుడు చూశావు?” అన్నాడు మార్సెలాన్.

“ఏడిస్తే కళ్లు కనపడవా?”

ఇంకో నాలుగిళ్లు తిరిగాను. అందరూ వచ్చాడనే అన్నారు. అందరూ పడవ చూశారు. ఇద్దరు టోపీ చూశారు. ఒకరు మాట విన్నారు, ఆ గొంతు బొంగురుగా ఉంది, నీళ్లలో జలుబు చేసిందనుకున్నారు. ముఖం చూశానని ఎవరూ అనలేదు, చూడలేదని కూడా ఎవరూ అనలేదు. రెమీ వస్తే క్లోవిస్ వచ్చినట్టే. ఆ పని ఎప్పుడూ అలాగే జరిగేది. మనిషి ఉన్నాడో లేడో నాకు తెలియలేదు. తిరిగినకొద్దీ తల మరింత బరువెక్కింది.

మధ్యాహ్నం భోజనం మానేసి క్లోవిస్ ఆఫీసుకి వెళ్లాను. హోల్కంబ్ అప్పటికే సీలు తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మంచి బూట్లు. వాటి మీద బురద అయితే తుడుచుకోడు, అది గమనించాను.

“వెర్నా గారు మిమ్మల్ని పంపిస్తారని తెలుసు” అన్నాడు. “కంపెనీ సొమ్ము కాపాడటానికి ఆఖరి ప్రయత్నం.”

“ఒకసారి చూసి పోతాను.”

“చూడండి. నేను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఇక్కడ దొరికేది బురదే.”

రెండు గదులు. ముందు గదిలో బల్ల ఓ మూల తలకిందులుగా ఉంది. కుర్చీలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. బీరువా పక్కకి పడి తలుపుకి అడ్డంగా ఉంది. గోడల నిండా మోకాలి ఎత్తున నీటి చార. నేల మీద బురద ఎండి పెంకుల్లా లేచింది.

వెనక గది చిన్న వంటగది. తొట్టి, పొయ్యి, కిటికీ పక్కన ఫ్రిజ్. ఫ్రిజ్‌కి మూడుచోట్ల బూడిదరంగు టేపు చుట్టి ఉంది. వరద తర్వాత ఊళ్లో ప్రతి ఫ్రిజ్‌కీ అలా చుడతారు. కరెంటు పోయి లోపలంతా కుళ్లిపోతుంది. తెరిస్తే ఆ వాసన నెల్లాళ్లు ఇంట్లోనుంచి పోదు. చుట్టి, ఈడ్చి, రోడ్డు మీద పెడతారు. ఎంత తెలివితక్కువవాడైనా తెరవడు. ఈ ఒక్కటే రోడ్డెక్కలేదు.

తలుపు వెనక మేకుకి రబ్బరు బూట్లు వేలాడుతున్నాయి. పట్టుకుని చూశాను. లోపల సాలెగూడు. అడుగున బురద లేదు.

“ఇవి క్లోవిస్‌వి” అన్నాను.

“అయితే?”

“నీళ్లొచ్చిన మర్నాడు పడవలో తిరిగినవాడు బూట్లు వేసుకోడా?”

“ఇంకో జత ఉండొచ్చు.”

“ఉండొచ్చు.”

“ఫెలిక్స్ గారూ, ముప్పై కుటుంబాలు ట్రెయిలర్లలో ఉన్నాయి. చలి వస్తోంది. మీరు మేకుకి వేలాడే బూట్లు చూపించి రేపటి పని ఆపమంటారా?”

“ఆపమనలేదు.”

“మరి ఏం చూస్తున్నారు అంతసేపట్నుంచీ?”

“తెలీదు.”

నిజంగా తెలీదు. ఆ వంటగదిలో ఏదో తప్పుగా ఉంది. ముందు గదిలో అంతా చిందరవందరగా ఉంది, అది సరిగ్గానే ఉంది. ఇక్కడేదో సర్దినట్టు ఉంది. పొయ్యి చూశాను. తొట్టి చూశాను. కంపుకి కళ్లు మండి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎదురింటి మనిషి నేలకి చెక్కబల్లలు బిగించుకుంటున్నాడు. నీళ్లు తీసిన రోజు వాళ్లింటికి వెళ్తే, ఫ్రిజ్ తేలుతూ వచ్చి పడకగది గుమ్మంలో వెల్లకిలా పడి ఉంటే, ఇద్దరం కలిసి లేపాం. అది గుర్తొచ్చి లోపలికి నడిచాను.

“ఈ ఫ్రిజ్ నిలబడి ఉంది.”

“ఫ్రిజ్‌లు నిలబడే ఉంటాయి” అన్నాడు హోల్కంబ్.

“మోకాలి నీళ్లకి లేస్తాయి. తేలిపోయి ఎక్కడో పడతాయి. బీరువా పడింది, బల్ల తిరగబడింది. ఇది పెట్టినచోటే ఉంది.”

“తర్వాత నిలబెట్టి ఉంటారు. టేపు చుట్టాలంటే నిలబెట్టే కదా చుట్టాలి? రెమీ చుట్టి ఉంటాడు.”

అదీ నిజమే.

హోల్కంబ్ మాత్రం ఊరుకోలేదు. అతనికి తన మాటనే మళ్లీ పరీక్ష చేసుకునే అలవాటు ఉంది. ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని అడుగు టేపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఒక చోట గీశాడు. మళ్లీ పక్కన గీశాడు. చాలాసేపు లేవలేదు.

“ఇలా రండి” అన్నాడు.

వంగి చూశాను. గోడ మీది నీటి చార ఎత్తులోనే ఫ్రిజ్ మీదా చార ఉంది. అది తలుపు మీద సాగి, టేపు మీద సాగి, అవతలి వైపు మళ్లీ తలుపు మీదకి పోయింది. ఎక్కడా తెగలేదు. హోల్కంబ్ గీసిన చోట బురద రాలి, కింద టేపు శుభ్రంగా మెరుస్తోంది.

“నీళ్లు తీశాక చుట్టి ఉంటే బురద టేపు కింద ఉండాలి” అన్నాడు.

“ఊఁ.”

“ఇది టేపు మీద ఉంది.”

“ఊఁ.”

“నీళ్లు రాకముందే ఫ్రిజ్‌కి టేపు ఎవరు చుడతారు, ఫెలిక్స్ గారూ?”

ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. మా ఊళ్లో ఇనప్పెట్టె పగలగొట్టినవాళ్లున్నారు. బ్యాంకు గోడ తవ్వినవాడు ఉన్నాడు. వరద తర్వాత టేపు చుట్టిన ఫ్రిజ్ తెరిచినవాడు లేడు. దాచాలనుకున్నవాడికి అంతకంటే భద్రమైన చోటు లేదు.

జేబు కత్తి తీశాను. చార ఉన్న ముక్క చెడకుండా, తలుపు అంచు వెంట మూడు చుట్లూ కోశాను. చొక్కా ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు లాగాను.

లోపలి అరలు తీసేశారు. మనిషి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నట్టు ఉన్నాడు. కాళ్లకి మేజోళ్లే ఉన్నాయి. మెడలో సన్నటి గొలుసు, దానికి వెండి పతకం. జ్ఞానస్నానం రోజు ఒదీల్ వేసిన పతకం అది. అతను ఈతకి వెళ్లినా తీయడని ఊళ్లో అందరూ ఎగతాళి చేసేవాళ్లు.

తలుపు మూసేశాను.

కాసేపటికి హోల్కంబ్ సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. తాగుతాడనుకున్నాను. రుమాలు తడిపాడు.

“ఏం చేస్తున్నారు?”

“ఆలోచిస్తున్నాను.”

“గుడ్డ తడిపి ఆలోచిస్తారా?”

“వినండి” అన్నాడు. మాట నెమ్మదిగా వచ్చింది. “వేసవి ఎండలో మగ్గిన శవం ఇది. ఏ డాక్టరూ రోజు చెప్పలేడు. ఫలానా రోజుకి ముందే పోయాడని చెప్పేది ఈ టేపు మీది బురద ఒక్కటే. బాండు క్లోవిస్ చేతికి రాసింది. నీళ్లకి ముందే పోయినవాడి చెయ్యి నీళ్ల తర్వాత ఏ చెక్కునీ తాకలేదు. క్లోవిస్ సంతకం తనే పెట్టి తాకింది రెమీ. రెమీకి లైసెన్సు లేదు, బాండు లేదు. ఈ చార ఇలాగే ఉంటే కంపెనీ ఒక్క డాలరు కట్టదు. ముప్పై ఇళ్లవాళ్లకి ఏమీ రాదు.”

“చార లేకపోతే?”

“చెక్కులు కాజేశాక వాటా దగ్గర కొట్లాడుకున్నారు, రెమీ చంపాడు అని రాస్తాను. రెమీ ఎలాగూ జైలుకి పోతాడు. కంపెనీ బాండు సొమ్ము కట్టితీరాలి.”

“దానికి ఒదీల్ ఇల్లు పోతుంది.”

“ఒక్క ఇల్లు. ఆమె సంతకం పెట్టింది. ఆ ముప్పై మందీ ఏం పెట్టారు? నమ్మకం పెట్టారు.”

“ఆమె బతికున్నవాడికి పూచీ పడింది. చచ్చినవాడి పేరు వాడుకున్నవాడికి కాదు.”

“కంపెనీ జీతం తింటూ మీరు ఇంకేం అంటారు?”

ఆ మాట తగిలింది. కంపెనీ కోసం అంటున్నానో, ఒదీల్ కోసం అంటున్నానో, క్లోవిస్ కోసం అంటున్నానో నాకే తెలియలేదు. మార్సెలాన్ ట్రెయిలర్ కళ్ల ముందుంది. అందులో ఇద్దరు ఒకేసారి నిలబడటానికి చోటు లేదు. ఒక్క తడిగుడ్డ చాలు, వాళ్లకి గోడలు వస్తాయి. తప్పేమిటో చూపించమని ఎవరైనా అడిగితే నేను చూపించలేను.

అయినా వెళ్లి ఆ టేపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.

“తీయండి” అన్నాడు హోల్కంబ్.

“తీయను.”

“రేపు హాల్లో వాళ్ల ముఖాలు చూసి ఈ మాట చెప్పేది మీరు కాదు. నేను.”

“నేను చెప్తాను.”

“మీరా? మీకు పది మాటలు కలిపి మాట్లాడటం రాదు.”

“రెండు చాలు.”

అతను నన్ను చూశాడు. నా చెయ్యి చూశాడు. చేతిలోని రుమాలు కాసేపు అలాగే పట్టుకుని, చివరికి దాన్ని తన ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“షెరీఫ్‌ని పిలవండి” అన్నాడు గుడ్డలోంచి.

మా పోలీసు పెద్ద షెరీఫ్ వచ్చి చూసి, టేపు ఫొటోలు తీయించి, రెమీ దొరికేదాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదన్నాడు. ఒదీల్‌కి మాత్రం నన్ను చెప్పమన్నాడు. రెమీ ఇంట్లో లేడు. పడవా లేదు. రొయ్యల వలకి పోయాడు, పొద్దున్నే వస్తాడని పక్కింటివాళ్లు చెప్పారు. షెరీఫ్ ఇద్దరు మనుషుల్ని ఆ ఇంటి దగ్గర కాపు పెట్టాడు.

వెర్నాకి ఫోను చేశాను. విని, హమ్మయ్య అంది.

“మన బాండు సొమ్ము దక్కింది. కంపెనీవాళ్లు నీకు బహుమానం ఇస్తారు, ఫెలిక్స్.”

“రెమీ సంగతి?”

“రెమీ మనవాడు కాదు. మన బాండు లేదు అతనికి. షెరీఫ్ చూసుకుంటాడు. నీ పని అయిపోయింది, పడుకో.”

ఒదీల్ గుమ్మంలోనే నిలబడి విన్నది. ఏడవలేదు.

“ఎప్పుడు?”

“నీళ్లు రాకముందు.”

“అయితే ఆ సొమ్ము వాడు తీసుకోలేదు.”

“లేదు.”

“అది ఆ రాజధాని మనిషికి తెలుసా?”

“ముందు చూసింది ఆయనే.”

తల ఊపింది.

“ఇల్లు కూడా ఉంటుంది, తాంత్” అన్నాను.

“అది నేను అడగలేదు” అని తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున చర్చి హాలుకి వెళ్లాను. కుర్చీలన్నీ నిండిపోయాయి. వెనక గోడకి ఆనుకుని కొందరు నిలబడి ఉన్నారు. ఎవరో పెద్ద కూజాలో కాఫీ పెట్టారు, మొహాలు తేటగా ఉన్నాయి. సొమ్ము వచ్చే రోజు కదా. హోల్కంబ్ బల్ల దగ్గర కాగితాలు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. గెడ్డం గీసుకోలేదు. షెరీఫ్ ఊరుకోమన్న సంగతి నాకు గుర్తుంది. కానీ ఆ కూర్చున్నవాళ్లు ఇంకో గంట ఆ సొమ్ము తమదే అనుకుంటూ కాఫీ తాగడం నేను చూడలేకపోయాను. ముందుకి వెళ్లి టోపీ తీశాను.

“క్లోవిస్ పోయాడు” అన్నాను. “నీళ్లు రాకముందే పోయాడు. మీ చెక్కులు తీసుకున్నది అతను కాదు. అందుకని బాండు రాదు.”

అర్థం కాక ఒకరినొకరు చూసుకున్నారు. వెనకనుంచి ఒకడు, “ఎంత ఇచ్చిందయ్యా నీకు వెర్నా?” అని అరిచాడు. దాంతో అందరూ లేచారు. కుర్చీలు పడ్డాయి. హోల్కంబ్ లేచి, “ఆయన చెప్పింది నిజం. నా కళ్లతో చూశాను” అన్నాడు. ఎవరూ వినలేదు.

లియోంటీన్ జనాన్ని తోసుకుని నా ముందుకి వచ్చింది. వేలు నా ఛాతీకి గుచ్చింది.

“అబద్ధం! పోయినవాడు కబురెలా పంపుతాడు?”

“ఏం కబురు?”

“ఇందాకనే! మేం వస్తుంటే గట్టు దగ్గర రెమీ ఆపాడు. బాండు సొమ్ము అందరికీ తలా కాస్త పంచుతారు, దానికోసం కూర్చోవద్దు, క్లోవిస్ ఏటి దిగువన చేపలవాళ్ల గుడిసెలో ఉన్నాడు, మీకు మొత్తం ఇచ్చేస్తానన్నాడు అని చెప్పాడు. సామాన్ల నష్టానికి మొన్న మీకొచ్చిన రెండో చెక్కు కూడా పట్టుకు రమ్మన్నాడన్నాడు. పోయినవాడైతే ఎలా పిలుస్తాడు? చెప్పు!”

“చెక్కు ఇచ్చావా?”

“నేనెందుకిస్తాను? ఎవరినీ నమ్మి చేతికివ్వకూడదని ఈసారి మా ఆయన్నే ఎక్కించి పంపాను. సొమ్ము చేతిలో పడ్డాకే సంతకం పెట్టమన్నాను.”

“మార్సెలాన్ రెమీ పడవ ఎక్కాడా?”

“ఎక్కాడు. క్లోవిస్‌ని కళ్లారా చూసి వస్తానన్నాడు.”

హాల్లో ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఆమె వేలు నా ఛాతీ మీదే ఉంది. నా ముఖంలో ఏం కనిపించిందో, మెల్లగా దించేసింది. “ఏమయింది?” అంది. “ఏమయింది, ఫెలిక్స్?”

నేను వాళ్ల మధ్యనుంచి దారి చేసుకుని బయటికి వచ్చాను. హోల్కంబ్ షెరీఫ్‌కి ఫోను చేస్తూ నా వెనకే పరిగెత్తాడు. షెరీఫ్ మనుషులు ఊరికి అవతలి చివర, ఖాళీ ఇంటిని కాపలా కాస్తున్నారు. గట్టు దగ్గర ఎవరూ లేరు. పడవ వదిలిన నూనె చార దిగువ వైపు నీళ్ల మీద ఇంకా తేలుతోంది.

గట్టుకి కట్టి ఉన్న నా పడవ తాడు విప్పాను.